పిల్లల కోసం బరువు మందు, బరువు మందు కోసం పిల్లలు వాయిదా: ఈ చిక్కుముడి ఎక్కడ పడింది?

పెళ్లయి రెండేళ్లు దాటిన ఇంటికి పండక్కి చుట్టాలొస్తే "ఏమైనా విశేషమా?" అనే ప్రశ్న ఎలాగూ తప్పదు. ఈమధ్య అదే ఇంటి ఫ్రిజ్ తలుపులో, కరివేపాకు డబ్బా పక్కన, బరువు తగ్గడానికి వారానికోసారి పొట్ట మీద పొడుచుకునే ఇంజెక్షన్ పెన్ను కూడా కనిపిస్తోంది. మౌంజారో 2025 మార్చిలోను, వెగోవీ అదే ఏడాది జూన్‌లోను, ఒజెంపిక్ డిసెంబరులోను మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు 2026 మార్చితో తీరిపోవడం వల్ల దేశీయ కంపెనీలకు కూడా దారి తెరుచుకుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం కాగా, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. అంటే పిల్లల్ని కనే వయసు, బరువు మందు వాడే వయసు మన దగ్గర చాలామందికి ఒకటే.

గందరగోళం కూడా అక్కడే మొదలవుతోంది. "పిల్లలు కావాలంటే బరువు తగ్గమన్నారు. తగ్గడానికి ఈ ఇంజెక్షన్ రాశారు. ఇప్పుడేమో ఇది వాడుతున్నంత కాలం గర్భం రాకుండా చూసుకోమంటున్నారు. ఇందులో ఏ మాట నమ్మాలి?" అని అడిగేవారి సందేహంలో అన్యాయమేమీ లేదు. నిజానికి ఆ మూడు మాటలూ సరైనవే. అవి ఒకదానికొకటి అడ్డం తగులుతున్నట్టు ఎందుకు కనిపిస్తాయో తెలియాలంటే, ముందు మందు పనితీరు దగ్గర మొదలుపెట్టాలి.

## ఈ మందులు ఒంట్లో చేసే పని

మనం తిన్నాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోను విడుదలవుతుంది. అది క్లోమాన్ని ఇన్సులిన్ వదలమంటుంది, ఇక చాలని మెదడుకు చెబుతుంది, జీర్ణాశయంలోని ఆహారం కిందికి జారే వేగాన్ని తగ్గిస్తుంది. సహజంగా పుట్టిన హార్మోను కొన్ని నిమిషాల్లోనే కరిగిపోతుంది కాబట్టి, దానిలాగే పనిచేస్తూ రోజుల తరబడి నిలిచే రూపాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. సెమాగ్లూటైడ్ అటువంటిదే. ఒజెంపిక్, వెగోవీ ఇంజెక్షన్లలోను, రైబెల్సస్ మాత్రలోను ఉండేది ఈ మందే. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ దీనితోపాటు జీఐపీ అనే మరో హార్మోను పనిని కూడా అనుకరిస్తుంది. లిరాగ్లూటైడ్ వీటికంటే పాతది, రోజూ పొడుచుకోవలసింది.

ఫలితం చిన్నది కాదు. 1,961 మందిపై జరిగిన స్టెప్-1 పరీక్షలో 68 వారాల పాటు సెమాగ్లూటైడ్ తీసుకున్నవారు సగటున 14.9 శాతం బరువు తగ్గారు. టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాలకు తగ్గుదల 20.9 శాతం దాకా వెళ్లింది. వీటిలో ఏదీ సంతానం కోసం తయారైన మందు కాదు, సంతాన చికిత్సగా అనుమతి పొందినదీ కాదు. సంతానం మీద పడే ప్రభావమంతా బరువు, ఇన్సులిన్, జీర్ణాశయం అనే మూడు దారుల్లో వచ్చేదే.

## ఏళ్ల తరబడి రాని గర్భం ఉన్నట్టుండి ఎలా వస్తోంది

మన ఆసుపత్రుల్లో పీసీఓడీ అని వాడుకలో ఉన్న సమస్యలో (వైద్య గ్రంథాల్లో దీన్ని పీసీఓఎస్ అంటారు) చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది. ఆ ఇన్సులిన్ అండాశయాలను పురుష హార్మోన్లు ఎక్కువగా తయారుచేసేలా ప్రేరేపిస్తుంది. దాంతో అండం పూర్తిగా ఎదగక, నెలనెలా విడుదల కాక, నెలసరి నలభై రోజులకో రెండు నెలలకో వస్తుంది. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో ఈ చక్రం మళ్లీ గాడిన పడుతుందని వైద్యులకు ఈ ఇంజెక్షన్ల కంటే చాలా ముందే తెలుసు. కొత్తదనమల్లా, అంత బరువు తగ్గడం ఇప్పుడు కొద్ది నెలల్లోనే సాధ్యపడటం. సామాజిక మాధ్యమాల్లో "ఒజెంపిక్ బేబీలు" అని తిరుగుతున్న మాట వెనుక ఉన్నది ప్రధానంగా ఇదే. మందు నేరుగా అండాన్ని విడుదల చేయించడం లేదు, అడ్డుగా ఉన్నది తొలగుతోంది.

"నాకు ఎలాగూ పిల్లలు పుట్టడం కష్టమన్నారు కదా" అనే నమ్మకంతో ఏ జాగ్రత్తా పాటించనివారికి ఈ మార్పు తెలిసేలోపే నెల తప్పుతోంది. తప్పిన సంగతి కూడా వెంటనే తెలియదు. నెలసరి ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చే మనిషికి నలభై ఐదో రోజు ఒక లెక్కలోది కాదు. పైగా ఈ మందుల ప్రధాన దుష్ప్రభావాలు వికారం, వాంతులు, తిండి సయించకపోవడం. వేవిళ్ల లక్షణాలూ ఇవే. డోసు పెంచిన వారంలో పోపు వాసనకు కడుపులో తిప్పితే అది పెన్ను వల్లనా, గర్భం వల్లనా అన్నది ఇంట్లో చేసుకునే పరీక్ష తప్ప మరేదీ తేల్చలేదు.

రెండో దారి గర్భనిరోధక మాత్రలది. టిర్జెపటైడ్ జీర్ణాశయాన్ని నెమ్మదింపజేయడం వల్ల మింగిన మాత్రలోని హార్మోన్లు రక్తంలోకి చేరే తీరు మారుతుంది. ఒకే ఒక్క 5 మిల్లీగ్రాముల డోసు తర్వాత పరీక్షించినప్పుడు, మాత్రలోని ఈస్ట్రోజెన్ రక్తంలో అందుకునే గరిష్ఠ స్థాయి 59 శాతం తగ్గింది, మొత్తం మీద ఒంటికి అందిన పరిమాణం 20 శాతం తగ్గింది. ఈ ప్రభావం మొదటి డోసు తర్వాత, డోసు పెంచిన ప్రతిసారీ ఎక్కువగా ఉండి, తర్వాత సన్నగిల్లుతుంది. అందుకే మాత్ర మీద ఆధారపడే స్త్రీలు మందు మొదలైన నాలుగు వారాలు, డోసు పెరిగిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ వంటి అదనపు రక్షణ తీసుకోవాలని తయారీదారు సమాచార పత్రమే చెబుతోంది. సెమాగ్లూటైడ్‌తో ఈ స్థాయి తేడా కనిపించలేదు. ఏ మందు వాడుతున్నా, మాత్ర మింగిన కాసేపటికే వాంతి అయితే అది పోయినట్టే.

ఇది పాశ్చాత్య దేశాల సమస్య, మన దగ్గర కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారేనన్న మాట నిజమే. అయితే ఆపరేషన్ పిల్లలు పుట్టాక వచ్చే సంగతి. మొదటి కాన్పుకు ముందున్న స్త్రీకి ఆ లెక్క వర్తించదు. అంతకంటే ముఖ్యం, పీసీఓడీకి నెలసరి సరిచేయడానికి మన గైనకాలజిస్టులు రాసే 21 రోజుల స్ట్రిప్పు చాలాసార్లు ఈ గర్భనిరోధక మాత్రలదే. "అది పీరియడ్స్ మాత్ర" అనుకునే మనిషికి, రెండు మందుల మధ్య పొత్తు కుదరదేమోనన్న అనుమానం వచ్చే అవకాశం తక్కువ.

## "రెండు నెలల ముందు ఆపాలి" అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది

రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. సెమాగ్లూటైడ్‌కు అది దాదాపు ఒక వారం, టిర్జెపటైడ్‌కు ఐదు రోజులు, లిరాగ్లూటైడ్‌కు సుమారు 13 గంటలు.

చివరి ఇంజెక్షన్ తర్వాత ఒంట్లో 64 పైసల మందు ఉందనుకుందాం. సెమాగ్లూటైడ్ అయితే వారానికి 32, రెండు వారాలకు 16, మూడింటికి 8, నాలుగింటికి 4, ఐదింటికి 2, ఆరింటికి 1. ఎనిమిదో వారానికి పావు పైసా మిగులుతుంది. అదే 64 పైసలు టిర్జెపటైడ్ అయితే నెల తిరిగేసరికి ఒక పైసాకు దిగిపోతుంది. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2025 జూన్‌లో విడుదల చేసిన సూచనల్లో గర్భానికి ప్రయత్నించే ముందు సెమాగ్లూటైడ్‌కు రెండు నెలలు, టిర్జెపటైడ్‌కు ఒక నెల విరామం చెప్పడం వెనుక ఉన్న లెక్క ఇదే. లిరాగ్లూటైడ్ మూడు నాలుగు రోజుల్లోనే దాదాపుగా వెళ్లిపోతుంది.

ఈ గడువును అతిగా అర్థం చేసుకునేవారున్నారు. రెండు నెలలంటే "ఆలోపు గర్భం వస్తే బిడ్డకు హాని ఖాయం" అని కాదు. మందు ఆనవాలు లేని ఒంట్లో గర్భం మొదలు కావాలన్న జాగ్రత్త మాత్రమే. ఆ జాగ్రత్తకు కారణం పిండం ఎదిగే వేగం. ఫలదీకరణ జరిగిన 28 రోజుల్లోనే మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం మూసుకుపోతుంది. నెలసరి సక్రమంగా వచ్చే స్త్రీకి కూడా అది నెల తప్పిన రెండు వారాలకే జరిగిపోతుంది. ఇందాక చెప్పుకున్న, నెలసరి తేదీ తెలియని మనిషికైతే ఆ దశ తెలియకుండానే దాటిపోతుంది. గర్భం తెలిశాక ఆపుదామనుకున్నా, వారం అర్ధాయువు ఉన్న మందు ఆపిన రోజున పోదు.

## బిడ్డకు హాని ఉందా: జంతువులు చెప్పింది, మనుషుల్లో కనిపించింది

ఇక్కడ రెండు రకాల ఆధారాలున్నాయి, అవి ఒకే మాట చెప్పవు. గర్భంతో ఉన్న ఎలుకలకు సెమాగ్లూటైడ్ ఇచ్చినప్పుడు పిండాలు చనిపోవడం, ఎదుగుదల తగ్గడం, అవయవ లోపాలు కనిపించాయి. కుందేళ్లలో, కోతుల్లో గర్భాలు తొలి దశలోనే పోయాయి. అయితే ఆ జంతువుల బరువు కూడా బాగా తగ్గింది. హాని మందు వల్లనా, తల్లి తిండి మానేయడం వల్లనా అన్నది విడదీయడం కష్టం. గర్భిణులకు ఈ మందు ఇచ్చి పరీక్షించడం నైతికంగా కుదరదు కాబట్టి, పొరపాటున గర్భం వచ్చినవారి వివరాలే మనుషుల్లో మిగిలిన ఆధారం.

అటువంటి అధ్యయనాల్లో పెద్దది నార్డిక్ దేశాలు, అమెరికా, ఇజ్రాయెల్ రికార్డులతో జరిగింది. టైప్-2 మధుమేహం ఉన్న 50 వేలకు పైగా గర్భాలలో 938 మంది గర్భానికి అటూఇటూగా జీఎల్‌పీ-1 మందులు వాడారు. వారి బిడ్డల్లో పెద్ద అవయవ లోపాలు 8.23 శాతం, ఇన్సులిన్ వాడినవారి బిడ్డల్లో 7.83 శాతం. వయసు, జబ్బు తీవ్రత వంటివి సరిచూశాక తేడా మిగల్లేదు. మొత్తం జనాభాలో ఆ లోపాలు 3.76 శాతమే కదా అని ఎనిమిది శాతాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు, ఆ పెరుగుదలలో ఎక్కువ వాటా అదుపులో లేని షుగర్‌ది. తొలి మూడు నెలల్లో ఈ మందులు వాడిన 168 గర్భాలను పరిశీలించి 2024లో ప్రచురించిన మరో అధ్యయనంలో లోపాలు 2.6 శాతం. మధుమేహానికి వేరే మందులు వాడినవారిలో 2.3 శాతం, మందు వాడని అధిక బరువు స్త్రీలలో 3.9 శాతం.

ఈ అంకెలు చూసి కొందరు వైద్యులు "తెలియక వాడిన రెండు మూడు డోసులకు బెంగపడి గర్భం తీయించుకోవడానికి ఆధారం లేదు" అంటారు. మరికొందరు "168, 938 అనేవి చిన్న అంకెలు, అరుదైన లోపాలు వీటిలో బయటపడవు" అంటారు. నా దృష్టిలో ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావు. మొదటిది ఇప్పటికే గర్భం వచ్చినవారికి, రెండోది ఇంకా రానివారికి వర్తిస్తుంది.

## ఆపిన తర్వాత ఆకలి తిరిగొస్తుంది

చర్చంతా మందు వాడటం చుట్టూ తిరుగుతోంది గానీ, ఆపడం కూడా దానికదే ఒక సంఘటన. స్టెప్-1 పరీక్షలో పాల్గొన్నవారిలో కొందరిని మందు ఆపాక ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. గర్భానికి ముందు రెండు నెలలు ఆపాలన్నప్పుడు ఆ రెండు నెలల్లో గర్భం వచ్చి తీరుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆరు నెలలు, ఏడాది పట్టవచ్చు. ఎదురుచూసేకొద్దీ కాటా ముల్లు పైకి కదులుతుంది.

అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు ఆసుపత్రుల నుంచి 1,792 గర్భాల వివరాలతో 2025 నవంబరులో వచ్చిన అధ్యయనం ఈ భయానికి అంకెలు ఇచ్చింది. గర్భానికి ముందో, తొలి రోజుల్లోనో మందు ఆపినవారు గర్భకాలంలో సగటున 13.7 కిలోలు పెరిగారు, ఎన్నడూ వాడనివారు 10.5 కిలోలు. నెలలు నిండకముందే కాన్పు 17 శాతం, 13 శాతం. గర్భిణి మధుమేహం 20, 15. రక్తపోటు సమస్యలు 46, 36. ఊబకాయం ఉన్న గర్భిణికి అమెరికాలో 2009 నుంచి అమల్లో ఉన్న సిఫారసు 5 నుంచి 9 కిలోల పెరుగుదల మాత్రమేనన్నది గుర్తుపెట్టుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. అయితే ఇది పాత రికార్డులను పోల్చి చూసిన అధ్యయనం. మందు ఆపడమే వీటన్నిటికీ కారణమని దీనితో రుజువు కాదు. మందు అవసరమైనంత సమస్య ఉన్నవారే మందు వాడి ఉంటారు కదా.

## ముందు బరువా, ముందు బిడ్డా

గర్భానికి ముందు ఊబకాయం తగ్గితే గర్భస్రావం, గర్భిణి మధుమేహం, అధిక రక్తపోటు, సిజేరియన్ అవసరం తగ్గుతాయన్నది సహజంగా తోచే మాట. పరీక్షల ఫలితాలు మాత్రం అంత సూటిగా లేవు. నెదర్లాండ్స్‌లో 577 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆరు నెలల జీవనశైలి మార్పులు చేయించాక, రెండో జట్టుకు వెంటనే సంతాన చికిత్స మొదలుపెట్టారు. రెండేళ్లలో నెలలు నిండి, సాధారణ కాన్పుతో, ఆరోగ్యంగా ఒక బిడ్డ పుట్టింది మొదటి జట్టులో 27.1 శాతానికి, రెండో జట్టులో 35.2 శాతానికి. ఆలస్యం చేసినందుకు ఫలితం తగ్గిందే తప్ప పెరగలేదు. అదే పరీక్షలో చికిత్స లేకుండా సహజంగా గర్భం వచ్చినవారు మాత్రం మొదటి జట్టులోనే ఎక్కువ: 26.1 శాతం, రెండో జట్టులో 16.2. అమెరికాలో 379 మందితో జరిగిన మరో పరీక్షలో బరువు దాదాపు 7 శాతం తగ్గినా సజీవ జననాలు పెరగలేదు. ఇవేవీ ఈ కొత్త ఇంజెక్షన్లతో చేసినవి కావు, తగ్గిన బరువూ తక్కువే. పదిహేను శాతం తగ్గితే కథ మారుతుందని ఒక వర్గం ఆశ, అప్పటికి వయసు మీరుతుందని ఇంకో వర్గం ఆందోళన.

ఒక ఊహా ఉదాహరణతో ఈ తూకాన్ని చూద్దాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు ఉన్న స్త్రీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) 31.25. సెమాగ్లూటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు పెంచుకుంటూ 2.4 మిల్లీగ్రాములకు చేరడానికే 16 వారాలు పడుతుంది. మొత్తం 68 వారాలు వాడితే 16 నెలలు, ఆపై రెండు నెలల విరామం. ప్రయత్నం మొదలయ్యేసరికి ఏడాదిన్నర. ఆమెకు ఇప్పుడు 28 ఏళ్లయితే ఆ ఏడాదిన్నర పెద్ద నష్టం కాదు, పీసీఓడీ ఉంటే లాభమే కావచ్చు. 38 ఏళ్లయితే ప్రయత్నం 39 దాటాక మొదలవుతుంది. తగ్గిన 12 కిలోలు అండాల వయసును వెనక్కి తిప్పలేవు. వీరిద్దరికీ మధ్య ఉండే 33 ఏళ్ల మనిషి విషయంలో 68 వారాలు పూర్తిచేయాలన్న నియమమేమీ లేదు. ఆరేడు నెలల్లో 8 శాతం తగ్గినప్పుడు ఆపి, నెలసరి క్రమం చూసుకుని ప్రయత్నించే దారిని కూడా సంతాన సాఫల్య కేంద్రాల్లో చర్చిస్తారు. ఆ కొద్ది నెలల్లో తిండి బాగా తగ్గడం వల్ల ఐరన్, ఫోలిక్ యాసిడ్ కొరత ముదరకుండా చూడటం ఆ చర్చలో భాగం. మన రెండు రాష్ట్రాల్లోను సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని అదే జాతీయ సర్వే చెబుతోంది.

## షుగర్ ఉన్నవారికి లెక్క తిరగబడుతుంది

బరువు కోసం వాడేవారు మందు ఆపితే పెరిగేది బరువు. టైప్-2 మధుమేహానికి వాడేవారు ఊరికే ఆపేస్తే పెరిగేది రక్తంలోని చక్కెర. తొలి వారాల్లో అవయవాలు ఏర్పడే పిండానికి నిరూపితమైన ముప్పు ఆ చక్కెరే. అందుకే వీరి విషయంలో "ఆపడం" అనే మాటకు "మార్చడం" అని అర్థం చెప్పుకోవాలి. ప్రయత్నానికి ముందే ఇన్సులిన్‌కో, మెట్‌ఫార్మిన్‌కో మార్చి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 6.5 శాతం లోపు ఉండేలా చూడటం ప్రామాణిక పద్ధతి. ఇంజెక్షన్ పేరు ఒకటే అయినా పక్కింటివారి అనుభవం ఇక్కడ పనికిరాదు.

## ఐవీఎఫ్ బల్ల మీద, భర్త వైపు, కాన్పు తర్వాత

ఐవీఎఫ్‌లో అండాలు తీసేటప్పుడు మత్తు ఇస్తారు. జీర్ణాశయం నెమ్మదించిన మనిషి రాత్రి నుంచి ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఈ మందు సంగతి మత్తు డాక్టరుకు ముందే తెలియవలసిన కారణం ఇది. సంతాన కేంద్రానికి చెప్పకుండా వేరే క్లినిక్‌లో బరువు ఇంజెక్షన్ వాడేవారి విషయంలో ఈ చిన్న సమాచార లోపమే పెద్దదవుతుంది.

భర్తల గురించి ఆధారాలు తక్కువే అయినా ఆశాజనకంగా ఉన్నాయి. ఊబకాయంలో కొవ్వు కణాలు టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. డెన్మార్క్‌లో 56 మంది పురుషులు ఎనిమిది వారాల్లో సగటున 16 కిలోలకు పైగా తగ్గినప్పుడు శుక్రకణాల సాంద్రత ఒకటిన్నర రెట్లయింది, బరువు తిరిగి పెరగనివ్వని వారిలోనే ఆ లాభం నిలిచింది. ఒక శుక్రకణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఈరోజు తగ్గిన బరువు ఫలితం ఈరోజే పరీక్ష కాగితంలో కనిపించదు.

కాన్పయ్యాక పెరిగిన బరువు చూసుకుని, ఫ్రిజ్‌లో మిగిలిన పెన్ను వైపు చెయ్యి చాచేవారికి మరో తేడా ఎదురవుతుంది. ఇంజెక్షన్ మందు అణువు పెద్దది. అది తల్లిపాలలోకి చేరేది చాలా తక్కువని, చేరినా బిడ్డ కడుపులో అరిగిపోతుందని అంచనా. మాత్ర రూపంలోని సెమాగ్లూటైడ్ సంగతి వేరు. కడుపులో అరిగిపోకుండా రక్తంలోకి దాటించడానికి అందులో శ్నాక్ అనే సహాయక పదార్థాన్ని కలుపుతారు, ఎలుకల పాలలో ఆ పదార్థం బయటపడింది. పాలిచ్చే తల్లులకు ఆ మాత్ర వద్దని దాని సమాచార పత్రంలో రాసింది అసలు మందును చూసి కాదు, దానికి తోడుగా వెళ్లే ఆ పదార్థాన్ని చూసి.